వంద రూపాయల అలక

హన్మకొండలో ఒక ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసులో కాగితాలు రాసే పని నాది. శిలాఫలకం మీద ఎవరి పేరు ఎవరి కింద రావాలన్న తగవుల నుంచి పింఛను రాలేదన్న అర్జీల దాకా అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. వాటన్నిటికీ అలవాటు పడ్డాను కానీ, బడ్జెట్ సమావేశాలప్పుడు రాయాల్సిన కోత తీర్మానాలంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మంట.

సంగతేమిటంటే, మా సారు ప్రతిపక్షంలో ఉన్నారు. తన నియోజకవర్గంలో ఒక ఊరి గోడు అసెంబ్లీలో అచ్చు కాగితం మీదికి ఎక్కాలంటే ఆయనకు ఉన్న దారుల్లో ఇదొకటి. విద్యుత్తు పద్దో, నీటి పద్దో సభ ముందుకు వచ్చినప్పుడు 'ఈ పద్దులోంచి వంద రూపాయలు తగ్గించాలి' అని ముందుగా నోటీసు ఇవ్వాలి. ఎందుకు తగ్గించాలో దాని కింద రాయాలి. ఆ కింద రాసేదే అసలు సంగతి. ఆ వంద ఎవరూ తగ్గించరు, తగ్గించాలని అడిగినవాడికీ ఆ కోరిక ఉండదు. అదొక మర్యాద. ఎక్కువ కావాలంటే తక్కువ చెయ్యమని అడగాలట! ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళు ఎప్పుడూ ఎండిన మడి గట్టు మీద నిలబడి ఉండరు.

ఆ ఏడాది విద్యుత్తు పద్దు మీద నేను మా మేనత్త ఊరి గురించి రాశాను. పరకాల వైపు, కరెంటు లైను చిట్టచివర ఉంటుంది ఆ ఊరు. అక్కడ కరెంటు లేదని ఎవరూ అనలేరు, ఉంటుంది. దానికి బలమే ఉండదు. నాలుగు మోటార్లు ఒకేసారి పెడితే నాలుగూ మూలుగుతాయి తప్ప నీళ్ళు పైకి రావు. కాసేపు అలాగే మూలిగితే లోపల తీగ కాలి కంపు కొడుతుంది. తాగునీళ్ళ ట్యాంకు మోటారూ ఆ లైను మీదే ఉండటంతో ఊరి మిట్టన ఉన్న వాడకు నల్లా నీళ్ళు ఎక్కవు. ఊరి దగ్గర ఒక సబ్‌స్టేషన్ కడితే పొలాలకూ బిందెలకూ ఒకేసారి తీరిపోయే కష్టం.

అది వచ్చేదాకా ఏం చేస్తారు? వంతులు వేసుకున్నారు. 'నువ్వు బంద్ చేస్తే నేను పెడతా' అని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటూ మోటార్లు నడుపుకుంటారు. ఎవరైనా వంతు తప్పి మోటారు పెడితే పక్క మోటారు గొంతు మారిపోతుంది, ఆ మార్పు విని దొంగను పట్టేస్తారు. మామ పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న మా అత్తకు ఆ చెవి మరీ పదును. ఆ యాసంగిలో ఆమె వరి పొట్టకొచ్చి ఉంది. సరిగ్గా ఆ రోజుల్లో తడి తప్పితే గింజ కట్టదు, తాలు మిగులుతుంది. ఆమెకు ఆ ఏడాదికి ఉన్నదల్లా ఆ వరి ఒక్కటే.

నేను రాసిన నోటీసు మిగతావాటితో కలిసి అచ్చయింది. ఆ పేజీని ఎవరో ఫోటో తీసి అత్త ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మర్నాడు పొద్దున్నే నేను ఆఫీసు తాళం తీసి ఫ్యాను వేసుకున్నానో లేదో, అత్త గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల ఆ ఊళ్ళో కాలిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడిపే చాచా. ఊరంతా ఆయన్ను చాచా అనే పిలుస్తారు, నేనూ అంతే.

"అల్లుడా, గా కాయితం నువ్వే రాసినవట?"

"అవునత్తా."

"నీకు చేతులెట్ల వచ్చినయిరా! సబ్‌స్టేషన్ కావాలె అని మేము మొత్తుకుంటాంటే, మా ఊరి పేరు వెట్టి పైసలు తగ్గియ్యుమంటవా? ఇయ్యకుంటే ఇయ్యకపోండ్రి. ఉన్నయి కోసుడేంది?"

నేను నోరు తెరిచేలోగా కొంగు ముడి విప్పి, వంద నోటు నా బల్ల మీద పెట్టింది.

"గీ వంద మీ సారుకియ్యి. గా కోసేటిది ఏదో దీంట్ల కోసుకొమ్మను. మా సబ్‌స్టేషన్ జోలికి రావద్దను."

"ఇంటింటికి తిరిగి జమ జేసినం బిడ్డా," అన్నాడు చాచా. "ఇంకా ఇస్తమన్నరు గని, కాయితంల వందే ఉన్నది గదా అని ఆగినం."

నవ్వొచ్చింది. నవ్వితే అత్త కొట్టేలా ఉంది. అందుకని చాచా మీదికి మళ్ళాను. "సబ్‌స్టేషన్ వస్తే మోటర్లు కాలుడు బందైతది. మరి నీ దుకాణం సంగతేంది చాచా?"

"నా ఇల్లు మిట్టవాడల ఉన్నది బిడ్డా. మా ఇంటామె దినాం కిందివాడ నుంచి నీళ్లు మోస్తాంది. దుకాణం ఫికర్ తర్వాత," అన్నాడాయన.

ఇద్దరినీ కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, విషయం చెప్పాను. వంద తగ్గించమనడం వంద కోసం కాదనీ, 'ఎందుకలా అంటున్నావు' అని సభ అడగడం కోసమనీ. రెండుసార్లు చెప్పినా అత్త మొహంలో కోపం తగ్గలేదు. మూడోసారి మొదలుపెట్టేలోగా చెయ్యెత్తి ఆపింది.

"ఆగాగు. ఇంట్ల కోడలు పళ్లెం ముంగట కూసోని 'నాకు ఒక ముద్ద తక్కువ వెయ్యి' అంటది. ముద్ద ఎక్కువైందనా? ఏమైందే అని ఎవలన్న అడగాల్నని. గంతేనా?"

"గంతే అత్తా."

"అంటే మీ సారు మా ఊరి కోసం అలిగిండన్నట్టు!" అని, ఆ ఊపులోనే నా వైపు తిరిగింది. "నువ్వు నీ పెండ్లినాడు కూరల ఉప్పెక్కువైందని అలిగి కూసోలేదారా? ఉప్పు కాదు నీ బాధ, మీ నాయినను ఎవలూ పలకరియ్యలేదని. గిది నాకు ముందే జెప్తె అయిపోతుండె గదా."

ఇన్నేళ్ళుగా ఆ నోటీసులు రాస్తున్నాను, నాకే ఇంత సులువుగా అర్థం కాలేదు. చాచా మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి ఒక్క మాట అడిగాడు. "అలిగితె అలిగిండు. మరి బతిమిలాడెటోళ్లు ఉన్నరా బిడ్డా ఆడ?"

ఇంతలో సారు వచ్చారు. సంగతి విని ముందు పెద్దగా నవ్వారు, నోటు చూశాక నవ్వు ఆగిపోయింది. "పెద్దమ్మా, ఈ పైసలు నాకొద్దు, మీ మాట మాత్రం తీస్కపోత," అని నోటు అత్త చేతిలోనే పెట్టారు. ఆయన మీద నాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయి. ఆ పూట మాత్రం బాగా నచ్చారు.

పద్దు సభకు వచ్చే రోజు నన్ను ఊరికి రమ్మని అత్త హుకుం. "వాళ్లు ఏం మాట్లాడుతాండ్లో మాకు జర సమజ్ జెయ్యి" అని. మధ్యాహ్నం బండి మీద వెళ్ళేసరికి చాచా దుకాణం ముందు టీవీ బయటికి తెచ్చి పెట్టారు. పొలాల వైపు నుంచి మోటారు చప్పుడే లేదు. కారణం అడిగితే, మోటార్లు నడిస్తే టీవీ బొమ్మ వణుకుతుందట, అందుకని లైను మీద ఉన్నవాళ్ళంతా కూడబలుక్కుని బంద్ చేశారు. అత్త వంతు సరిగ్గా అప్పుడే. పొట్టకొచ్చిన వరిని వదిలి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

సారు లేచారు. ఊరి పేరు స్పష్టంగా పలికారు. అసెంబ్లీలో తమ ఊరి పేరు వినపడగానే ఒక ముసలాయన టీవీకి దండం పెట్టాడు. "కోత పూడ్చమని ఆ ఊరోళ్ళు వంద రూపాయలు జమ జేసి నా దగ్గరికి తెచ్చిండ్లు అధ్యక్షా," అన్నారు సారు. సభ నవ్వింది. అటు బల్లలూ ఇటు బల్లలూ తేడా లేకుండా నవ్వారు. నాకు చివుక్కుమంది. అత్త మాత్రం "నవ్వుతె నవ్వనీ, ఇన్నరు గదా" అంది.

మంత్రి జవాబులో అత్త ఊరి వంతుకు వచ్చింది ఒకే ముక్క: ప్రతిపాదన పరిశీలనలో ఉంది. ఆ మాట నాకు ఎన్ని కాగితాల మీద కనబడిందో! తర్వాత అధ్యక్ష స్థానం నుంచి గబగబా ఓటు అడిగారు. అవునన్నవాళ్ళు కొందరు, కాదన్నవాళ్ళు చాలామంది. కోత తీర్మానాలు వీగిపోయాయి, పద్దు ఆమోదం పొందింది.

దుకాణం ముందు చప్పట్లు మోగాయి. కోత ఓడిపోయింది కదా, వంద రూపాయలు దక్కాయి కదా! ఈలలు కూడా వేశారు. నేను తల దించుకున్నాను. అత్త నా మొహం చూసి, లేచి అందరి వైపు తిరిగింది.

"సప్పట్లు ఆపుండ్రి. వాళ్లు కొట్టేసింది మన మాటనే."

చప్పట్లు సద్దుమణిగాయి. ఎవరో "అయితే సబ్‌స్టేషన్ రాదా?" అన్నారు. ఆ నోటీసు రాసిన చేతులు నావే, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ ఏడు రాదు," అంది అత్త. "అలిగినం. ఎవలూ బతిమిలాడలే. గంతే." మళ్ళీ నా వైపు చూసి, "అల్లుడా, వచ్చే ఏడు మల్ల రాయి. ఈసారి రెండొందలు తగ్గియ్యుమను. ఇంకింత గట్టిగ అలిగినట్టుంటది," అంది.

"కుదరదత్తా. రూల్సుల వందే ఉన్నది."

"అలుగుటానికి గూడ రూల్సేందిరా!"

అప్పుడే మిట్టవాడ నుంచి కేకలు వినపడ్డాయి. గొడవేమో అనుకున్నాం, కాదు. నల్లాలు వస్తున్నాయి. మోటార్లన్నీ ఒకేసారి ఆగడంతో లైనుకు బలం వచ్చి, ట్యాంకు మోటారు పూర్తిగా తిరిగింది. చాచా భార్య బిందె పట్టుకుని పరుగెత్తుతూ కనబడింది. చాచా టీవీ సంగతి మరిచి, చేతికందిన బకెట్టుతో ఆమె వెనకే ఉరికాడు.

నేను బండి తీశాను. "పోదాం పా అత్తా, నీ వంతు అయిపోతాంది. పోయి మోటర్ పెడ్దాం."

అత్త ఒకసారి తన మడి వైపు చూసింది. ఎండ వాలుతోంది. మళ్ళీ మిట్టవాడ వైపు చూసి అరుగు మీద కూర్చుంది.

"జర ఆగు. నేను పెడ్తే ఆ నల్లాలు బందైతయి. పాపం, వాళ్లను నింపుకోనీ."

ఆ పూట ఆమె మడిలో చివరి మూలకు తడి అందలేదు. కోతలప్పుడు అక్కడ తాలే మిగిలింది. మొన్న మళ్ళీ బడ్జెట్ సమావేశాలు వచ్చాయి, నేను మళ్ళీ ఆ ఊరి పేరు రాసి వంద రూపాయలు తగ్గించమన్నాను. సాయంత్రం అత్త నుంచి ఫోను వచ్చింది.

"రాసినవా?"

"రాసిన అత్తా."

"మంచిది," అంది. "ఆ రోజు మల్ల మోటర్లన్ని బంద్ వెట్టుమని ఊరంత చెప్పొచ్చిన. మిట్టవాడోళ్లు బిందెలు కడుక్కోని ఉన్నరు."