పులివెందులకు నేను గీసిన దగ్గరదారి

ఒక్క ఎర్రగీతతో మామ ప్రాణాన్నీ, మరదలి పెండ్లినీ ఇరకాటంలో పెట్టిన ఘనుణ్ణి నేను. ఎట్లాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

అప్పుడు ప్రొద్దుటూరులో అయ్యవారి ఉద్యోగం నాది. ఆదివారం వస్తే జిల్లా పటం నేల మీద పరిచి, మూలలు లేవకుండా నాలుగు గ్లాసులు పెట్టి, దాని ముందు బోర్లా పడుకునేవాణ్ణి. దారి వంపుల వెంట దారం పరిచి కొలిస్తే దూరం తేలేది. టీ తాగే చోటికి సున్నా, తినే చోటికి ఇంటూ గుర్తు. అట్లా పడుకునే గండికి పోయి, ఆంజనేయస్వామికి దండం పెట్టి, మైదుకూరు మీదుగా ఇల్లు చేరేవాణ్ణి. ఆలూ లేదు, చూలూ లేదు, దారికి మాత్రం ఎర్రగీత!

ఇంతలో మరదలికి పులివెందుల సంబంధం కుదిరింది. తాంబూలాలు వాళ్లింట్లో. పెండ్లికొడుకు తండ్రి కబురు పంపాడు: "రాహుకాలం రాకముందే రావల్ల. దాటితే ఈ సంబంధం మాట మరిచిపోండి." జమ్మలమడుగులో మామ జీపు మాట్లాడాడు. నేను పటం తీసి ఎర్రగీత గీశాను.

"ముద్దనూరు, తొండూరు మీద పోతే చుట్టు మామా. నేను దగ్గరదారి చూసినా."

"యా ఊర్ల మీద పోతాది అల్లుడా?"

"అదంతా నాకొదిలేయ్ మామా."

ఆ రోజుల్లో మా పక్క దారి అడిగేవాడు దూరం అడగడు, మధ్యలో ఊర్లు ఏ పార్టీవని అడుగుతాడు. పటంలో ఊరికి చుక్క ఉంటుంది గానీ పార్టీ ఉండదు కదా! పిల్లలకు భూగోళం చెప్పే నాకు ఆ ముక్క తట్టలేదు.

మామనూ అత్తనూ వెంటబెట్టుకుని పోతుంటే మట్టిదారిలో ఒక ఊరు వచ్చింది. దాని పేరు ఇప్పటికీ రాసే ధైర్యం లేదు. నేను గర్వంగా ఆ పేరు చెప్పగానే మామ తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

"నాయనా, ఈ ఊరోళ్లకూ మాకూ కత్తుల దాకా పోయినాది. నన్ను నిద్రపోనీ."

అప్పటికే దారికి అడ్డంగా బండి నిలబడి ఉంది. చుట్టూ మనుషులు. ఒకాయన నా చేతిలో పటం లాక్కుని వాళ్ల పెద్దాయనకు ఇచ్చాడు. ఆయన మీసం దువ్వుతూ చూశాడు.

"ఈ సున్నాలు ఎవురి ఇండ్లప్పా?"

"టీ... టీ అంగళ్లు, పెద్దాయనా."

"మా ఊరి మీద ఈ ఇంటూ ఏంది? ఎవురిని కొట్టేసేదానికి?"

"ఉగ్గాని బజ్జీ, పెద్దాయనా. మీ ఊర్లో శానా బాగుంటాదని మా పొద్దుటూరు బడిలో చెప్పినారు. ఈడ తిని పోదామని..."

అడ్డదారి తొక్కనేల, దండాలు పెట్టనేల అనుకుంటున్నాను. పెద్దాయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

"మన ఉగ్గాని పేరు పొద్దుటూరు దాకా పోయినాదంట్రా! తినకుండా యాడికి పోతారు? ఓయ్, ఆ తువ్వాల కింద ఉండేది ఎవురో నాకు తెల్దనుకున్యావా? లెయ్యప్పా, ఉగ్గాని సల్లారిపోతాది."

మామ లేచాడు. తినకపోతే అవమానం, తింటే రాహుకాలం. ఒక్కో బొరుగునూ నన్ను నమిలినట్టే నమిలాడు. రెండో విడత బజ్జీలు వచ్చేసరికి అత్త ఏడుపు మొదలుపెట్టి సంగతంతా చెప్పేసింది.

పెద్దాయన పటం నా ఒళ్లో పడేసి దిగ్గున లేచాడు. "మా ఊరి మీద పోయినందుకు ఆడబిడ్డ పెండ్లి చెడిపోతే మాకు మర్యాదనా? జీపులు తీయండ్రా!"

అట్లా ముందొక జీపు, వెనకొక జీపు, మధ్యలో పూలూ పండ్లతో మేము. వీధి గుమ్మంలో పెండ్లికొడుకు తండ్రి చేతులు కట్టుకుని, తిట్టడానికి నోరు తెరిచి నిలబడి ఉన్నాడు. జీపుల్లోంచి మీసాలు ఒకటొకటే దిగాయి. తెరిచిన నోరు నవ్వుగా మారింది.

"శానా ఆలస్యమైంది, ఏమనుకోవద్దు" అన్నాడు మామ.

"ఆలస్యమేంది బావా! మా వీధికి రాహుకాలం ఇంకా రాలేదు. రాండి, కూర్చోండి!"

తాంబూలాలు మారాయి. తిరిగి వచ్చాక మామ ముందు నిలబడి, చెంపలు వేసుకుని, పటం చూసి ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోనని ఒట్టు పెట్టుకున్నాను.

"ఒట్టు నీ కాడ ఉండనీ అల్లుడా" అన్నాడు మామ, చెయ్యి చాపి. "పటం నా కాడ ఉంటాది."