సర్పంచి ఇంట్లో లేడు

పెద్దముడియం దగ్గరి ఒక నల్లరేగడి పల్లెకు ఓబుళమ్మ సర్పంచి అయింది. ఆ స్థానం మహిళలకు రిజర్వు కావడంతో భర్త యోగానంద ఆమె చేత నామినేషన్ వేయించాడు. గెలిచింది ఆమె. ఊరు సర్పంచి అని పిలిచింది మాత్రం ఆయనను.

యోగానందను దుర్మార్గుడనడం న్యాయం కాదు. భార్య మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. పంచాయతీ పనుల్లో స్వంతానికి తిన్నాడని విరోధులు కూడా అనలేదు. సమావేశాలకు తానే వెళ్ళి భార్య కుర్చీలో తానే కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే, "ఆయమ్మకెందుకప్పా ఈ తిప్పలు? ఎండలో తిరగల్ల, పదిమందితో మాట పడల్ల" అనేవాడు. ఆ మాటలో కొంత ప్రేమ కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఓబుళమ్మ అత్తింట్లో భార్య భర్త పేరు పలకదు. పెళ్ళయిన నాటి నుంచి "మా యప్ప" అంటూ వచ్చిన ఆమె, ఊరంతా సర్పంచి అంటుండటంతో తానూ ఆయనను అలాగే అనడం మొదలుపెట్టింది. పేరు పలికే ఇబ్బంది తప్పిందని తొలిరోజుల్లో నవ్వుకునేది.

"సర్పంచికి కూడు పెట్టినావా అక్కా?" అని తోడికోడలు రూప ఎగతాళి చేసేది.

"పెట్టినా. ఇంగ సర్పంచి పెండ్లాం తినల్ల."

పదవిలో ఆమె తనంతట తాను కోరుకున్న పని ఒక్కటే. వంక అవతలి దిగువ వీధికి కొళాయి లేదు. ఆడవాళ్ళు శనగ చేలలోని మోటారు దగ్గర బిందెలు నింపుకొని రేగడి బురదలో నడిచి రావాలి. అలా వస్తూ జారిపడి పుల్లమ్మ అనే ముసలామె తుంటి విరగ్గొట్టుకుంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని ఓబుళమ్మ మాట ఇచ్చింది: "ఊరికి నీళ్ళ ట్యాంకు వస్తాదంట అవ్వా. మీ వీధిలోనే కట్టిస్తా."

ఇంటికి వచ్చి చెబితే భర్త ఔననలేదు, కాదనలేదు. "చూద్దాంలే" అన్నాడు. తనకు ఓట్లు కూర్చిన ఎగువ వీధి వాళ్ళకు అదే ట్యాంకు కట్టిస్తానని ఆయన అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. అది తెలిసిన ఓబుళమ్మ, ఇంజనీరు వచ్చిన నాడు తానే వెంట నడిచి స్థలం చూపించాలని నిశ్చయించుకుంది.

ఇంజనీరు అంటే జీపులో వచ్చే మగమనిషి అని ఆమె ఊహ. వచ్చింది స్కూటీ మీద, అర్చన అనే యువతి. కొత్తగా బదిలీ అయి రావడంతో ఆమెకు ఆ ఊళ్ళో ఎవరూ తెలియదు. ఓబుళమ్మ వాకిట్లో శనగలు చెరుగుతోంది.

"సర్పంచి గారున్నారా అమ్మా?"

"లేడు తల్లీ. జమ్మలమడుగుకు పోయినాడు."

"ఎప్పుడొస్తారు? ఈ రోజే ఒక పని తేల్చాలి."

"పొద్దుగూకల్ల. ఫోన్ చేయి, మాట్లాడతాడు" అని ఓబుళమ్మ నంబరు చెప్పింది. "శానా ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో."

అర్చన మజ్జిగ తాగి, వీధి మొగదల నిలబడి ఫోన్ చేసింది. యోగానంద ఎగువ వీధి స్థలం చెప్పాడు.

సాయంత్రం భర్త నోట ఆ సంగతి విని, మరునాడే ఓబుళమ్మ మండలాఫీసుకు వెళ్ళింది. పెళ్ళయ్యాక ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు.

"నేనే సర్పంచిని" అన్నది.

అర్చన ఆమెను గుర్తుపట్టింది. "నిన్న లేడని చెప్పింది మీరే కదమ్మా" అన్నది. ఆ గొంతులో నింద లేదు. స్థలం వివరాలు పైకి వెళ్ళిపోయాయని, మార్చాలంటే గ్రామసభ తీర్మానం కావాలని వివరించింది.

ఓబుళమ్మ పట్టుబట్టి గ్రామసభ పెట్టించింది. దిగువ వీధి ఆడవాళ్ళు కూలికి పోయే వేళ అది. ముందు వరుసల నిండా ఎగువ వీధి మగవాళ్ళే కూర్చున్నారు. ఆమె లేచి నిలబడగానే, "కూర్చో వదినా, సర్పంచి మాట్లాడతాడులే" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సభ నవ్వింది. ఆ నవ్వులోనే ఆమె చెప్పదలచినది చెప్పింది. తీర్మానం వీగిపోయింది.

ఎగువ వీధిలో పునాది తవ్విన రోజు ఆమె వంక దాటి పుల్లమ్మ ఇంటికి వెళ్ళింది.

"మాట తప్పినా అవ్వా. నా మీద కోపంగా ఉండావా?"

కర్ర పక్కన పెట్టి పుల్లమ్మ ఆమె చేయి పట్టుకుంది. "నీ మీద కోపమెందుకమ్మా? ఓటు నీకే ఏసినాం గానీ, నువ్వేమన్నా సర్పంచివా?"

ముసలామె ఆ మాట అన్నది నిజంగా ఓదార్చడానికే. ఓబుళమ్మకు అప్పుడు ఏడుపు ఆగలేదు.