ఎవరి మీద అనుమానం

మా ఆఫీసు సెక్యూరిటీ బల్ల మీద ఫిర్యాదు పుస్తకం తెరిస్తే కార్బన్ కాగితం వాసన వస్తుంది. అద్దాల భవనం, మొహం చూసి తలుపు తెరిచే యంత్రాలు, ఎన్ని ఉన్నా వస్తువు పోతే రాసేది మాత్రం ఇప్పటికీ ఆ పుస్తకంలోనే. నిన్న మధ్యాహ్నం మా టీమ్‌లో ఒకమ్మాయి ఫోను కనబడక, మేనేజరునని నన్ను సంతకానికి పిలిచారు. పేరు, అంతస్తు, పోయిన వస్తువు, చివరి గడిలో 'ఎవరి మీద అనుమానం'. సెక్యూరిటీ అతను అప్పటికే ఆ గడి మీద పెన్ను ఆనించి, "హౌస్‌కీపింగ్ అని రాయనా మేడం?" అన్నాడు. ఆ వాసనా ఆ మాటా కలిసేసరికి రాజలింగం సార్ గుర్తొచ్చారు. ఆయన వేళ్లకు ఎప్పుడూ కార్బన్ నీలం అంటుకునే ఉండేది.

నేను అనంతపురం నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో వాళ్ల పై వాటాలో కిరాయికి ఉండేదాన్ని. సార్ పోలీసు శాఖలో ముప్పై ఏళ్లు స్టేషన్ రైటర్‌గా చేసి రిటైరయ్యారు. వాంగ్మూలాలు, పై అధికారులకు వెళ్లే నివేదికలు, అన్నీ రైటర్ చేతి మీదే నడుస్తాయి. రిటైరయ్యాక ఆయన వరండాలో చిన్న బల్ల వేసుకుని కూలీలకూ వాచ్‌మన్‌లకూ అర్జీలు రాసిపెట్టేవారు. చాయ్ తప్ప ఇంకేమీ పుచ్చుకునేవారు కాదు. పొద్దుపోక చేస్తున్న పని అనుకునేదాన్ని. అంత తేలిక వ్యవహారం కాదని తర్వాత తెలిసింది.

చేరిన రెండేళ్లకు ఒకరోజు ఉదయం ఆఫీసులో నా లాప్‌టాప్ సంచి కనబడలేదు. ఇలాంటి పుస్తకంలోనే, ఇదే గడిలో నేను 'మణెమ్మ, హౌస్‌కీపింగ్' అని రాశాను. ముందు రోజు సాయంత్రం చివరగా మేం కూర్చునే చోటు తుడిచింది ఆమే. అంతకు మించి ఆధారం లేదు. మధ్యాహ్నానికి ఆమెను స్టేషన్‌కు తీసుకుపోయారు. సాయంత్రం సంతకం కోసం నేను వెళ్లినప్పుడు నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, రెండు అరచేతులూ వాచి ఉన్నాయి. "నేను తియ్యలే మేడం" అంది. నేను సంతకం చేసి వచ్చేశాను. మర్నాడు మధ్యాహ్నం మా టీమ్‌లో ఒకతను నా సంచి తెచ్చి ఇచ్చాడు. అందరివీ ఒకే రకం నల్ల సంచులు కదా, తనదనుకుని ఇంటికి తీసుకుపోయాడట. నవ్వి సారీ అన్నాడు. అతనికి సారీతో సరిపోయింది. మణెమ్మను ఆ సాయంత్రం వదిలిపెట్టారు కానీ దొంగతనం కేసు మనిషని హౌస్‌కీపింగ్ ఏజెన్సీ పనిలోంచి తీసేసింది, ఆ చుట్టుపక్కల ఏ ఆఫీసు టవర్‌లోనూ ఆమెను గేటు దాటనివ్వలేదు.

ఇదంతా మెట్ల దగ్గర సార్‌కు చెప్పుకుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "స్టేషన్‌ల ఆమెను ఎన్ని గంటలకు చూసినవ్?" అని అడిగారు. ఆరు దాటిందన్నాను. "ఆమెను జర తోల్కరా" అన్నారు.

మణెమ్మ వచ్చింది. ఢిల్లీలో ఉన్న జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సార్ తెలుగులోనే ఫిర్యాదు రాశారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాది దాటకుండా పంపితే చాలన్నారు. చిరునామా దగ్గర ఆమె తన గుడిసె గుర్తులు చెప్పబోతే ఆపారు. "జవాబు వచ్చేటాళ్లకు నీ గుడిసె ఏడుంటదో ఎవరికెరుక. నా ఇంటి అడ్రస్ రాస్త." ఆమెకు అప్పటికి ఒకటే కోరిక. "నేను దొంగను కానని కాగితం ఇస్తరా సార్?" అని అడిగింది. "నిన్ను రాత్రంత ఉంచుకున్నది తప్పని రాస్తరు. దొంగవు కాదనేది చదివినోళ్లకు గా కాగితంలనే సమజైతది" అన్నారు సార్.

కొన్ని నెలలకు కమిషన్ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లు పోలీసు శాఖను నివేదిక అడిగారు, శాఖ ఇచ్చిన నివేదిక నకలు జతచేసి, దీనిపై మీరేమంటారని మణెమ్మను అడిగారు. గడువులోగా జవాబు రాకపోతే కేసు మూసేస్తామని చివర ఉంది. సార్ రెండు వాక్యాలు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మిగతాది చూడకుండానే చెప్పారు: "సదరు మహిళ స్వచ్ఛందంగా హాజరుకాగా, అరగంట విచారించి, మర్యాదపూర్వకంగా పంపివేయడమైనది. ఆరోపణలు నిరాధారమని తేలినది." కాగితంలో దాదాపు అదే ఉంది. ఎలా తెలుసని అడిగాను. "గిట్లాంటియి ఎన్ని రాసిన్నో నాకే గుర్తు లేదు. కానూన్ ప్రకారం ఆడమనిషిని అడగాలంటే ఆమె ఉన్న కాడికే పోవాలె, ఠాణాకు పిలవొద్దు. ఆ సంగతి తెలిసే 'స్వచ్ఛందంగా' అని రాసేటోణ్ణి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీదా, ఆ ఉత్తరం మీదా. కొట్టినవాళ్ల శాఖనే 'కొట్టారా' అని అడిగి తెలుసుకోవడానికి ఒక కమిషన్ ఎందుకు సార్ అని గట్టిగానే అడిగాను. ఆయన తలదించుకోలేదు, వాదించనూ లేదు. "వాళ్లు మనల్ని గూడ అడిగిన్రు గద బిడ్డా. చానామందికి ఈ ఉత్తరం చేరదు. చేరినోళ్లు భయపడి జవాబియ్యరు. నా రిపోర్టులు గట్లనే చెల్లినయ్. స్టేషన్‌కు సదువుకున్నోళ్లు ఎంతమంది వచ్చి చూసి పోలే? ఒక్కలన్న రాసిచ్చుంటే నా రాత నిలవకపోవు."

చూసి వచ్చిన చదువుకున్నదాన్ని నేనే. పైగా నా ఫోన్లో రుజువుంది. ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి స్టేషన్ నుంచే మా మేనేజరుకు మెసేజ్ పెట్టాను: 'ఇంకా ఒప్పుకోలేదట. నేల మీద కూర్చోబెట్టారు. రేపటికి తేలుతుందంటున్నారు.' అది బయటపెడితే అరగంట అబద్ధం కూలిపోతుంది. దాంతో పాటు నేనెలాంటి మనిషినో కూడా బయటపడుతుంది. ఈ మాట చెబితే మేనేజరు "కంపెనీ పేరు వస్తుంది, నీకెందుకివన్నీ" అన్నాడు. వారం రోజులు తప్పించుకు తిరిగాను. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి సార్ బల్ల దగ్గర కూర్చుని రాశాను. 'నాకెంతో బాధ కలిగింది' అని రాస్తే ఆయన కొట్టేశారు. "నీ బాధ వాళ్లకు అక్కరలే. ఏం చూసినవో గది రాయి." మెసేజ్ అందులోకి ఎత్తి రాసేటప్పుడు మొదటి వాక్యం వదిలేశాను. ఆయన ఫోను తీసుకుని సరిచూశారు. "ఉన్నది ఉన్నట్టు పెట్టు. సగం పెడితే నువ్వు గూడ నా అసొంటి రైటర్‌వే అయితవ్" అన్నారు.

పంపేముందు మణెమ్మను కూర్చోబెట్టి నా వాంగ్మూలం చదివి వినిపించారు. పుస్తకంలో పేరు రాసింది నేనేనన్న సంగతి అప్పటిదాకా ఆమెకు తెలియదు, సెక్యూరిటీవాళ్లు రాశారనుకుంది. ఆ కాగితం తీసుకుని నా సంతకం చూసింది. తర్వాత, "నా పేరు మీకెట్ల తెలుసు మేడం? ఎన్నడూ పిలువలే గద" అంది. బ్యాడ్జీ మీద చూశాను. ఆ అంతస్తులో రెండేళ్లు నా బల్ల తుడిచిన మనిషి పేరు, దొంగగా రాయాల్సి వచ్చిన రోజున బ్యాడ్జీ మీద చూసి తెలుసుకున్నాను.

కమిషన్ శాఖ నివేదికను ఒప్పుకోలేదు. ఆమెను అక్రమంగా నిర్బంధించారని తేల్చి, పరిహారం ఇవ్వాలనీ బాధ్యుల మీద చర్య తీసుకోవాలనీ సిఫారసు చేసింది. సిఫారసే, ఆజ్ఞ కాదు. పరిహారం వచ్చింది. చర్య మాత్రం 'పరిశీలనలో ఉంది' అంటూ జవాబు వచ్చింది, ఇవాళ్టికీ అక్కడే ఉంది. మణెమ్మ ఆ కాగితం సార్ చేత మూడుసార్లు చదివించుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. దాన్ని చూపించి హఫీజ్‌పేట్‌లో ఒక బడిలో పనికి కుదిరింది. ఏ తప్పూ చేయని మనిషి పని అడగడానికి ఢిల్లీ కాగితం పట్టుకుపోవాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు. గత వానాకాలంలో సార్ కన్నుమూశారు. ఆయన్ని క్షమించానా అంటే చెప్పలేను, అది నేను చేయాల్సిన పనీ కాదు. కానీ చూసింది రాయడం, చూడనిది రాయకపోవడం నాకు నేర్పింది ఆయనే.

నిన్న సెక్యూరిటీ అతని చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ గడిలో 'ఎవరి మీదా లేదు. నేను ఏమీ చూడలేదు' అని రాశాను. కింది కాగితం ఎత్తి, అర్జీ రాశాక సార్ చూసినట్టే, కార్బన్ అక్షరాలు పడ్డాయో లేదో చూశాను. పైకి వచ్చేసరికి మా అంతస్తులో కొత్తగా చేరిన హౌస్‌కీపింగ్ ఆమె గాజు తలుపు తుడుస్తోంది. ఆగి, "మీ పేరేంటమ్మా?" అని అడిగాను.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎందుకు మేడం, ఏమన్న పోయిందా?" అంది.