నమోదు కాని ఫిర్యాదులు

ఆ కాలేజీలో కంప్యూటర్ విభాగం పెద్దను అందరూ సర్వర్ బాబాయ్ అనేవారు. ప్రొజెక్టర్ వెలగకపోతే బాబాయ్ కావాలి. రేపటి కాలేజీ ఎలా ఉండాలో తేల్చే ప్రణాళికా సంఘానికి మాత్రం అక్కర్లేదు. పెద్దలు లోపల లక్ష్యాలు రాసేసుకుని, బయటికొచ్చి "దీనికో సాఫ్ట్‌వేర్ పెట్టేయ్" అనేవారు. "లక్ష్యం పెట్టుకునేటప్పుడే నన్నూ కూర్చోబెట్టండి, ఏ యంత్రం ఎందుకో అప్పుడే తేలుతుంది" అని ఆయన చెప్పులరిగేలా తిరిగాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

సంఘం చూసేది ఒక్క ఫిర్యాదుల గ్రాఫునే. అది దిగితే విభాగం బాగున్నట్టు. అందుకని తన కింద పనిచేసే తీగలమ్మకు బాబాయ్ ఓ కిటుకు చెప్పాడు. చంకన తీగల చుట్టతో గదిగదికీ తిరిగే మనిషి కాబట్టి ఆమెకా పేరు. భర్త మంచం పట్టాక ఆమె జీతం మీదే ఇల్లు గడుస్తోంది.

"ఏదైనా పాడైందంటే వెళ్లి బాగుచేసెయ్యమ్మా. ఫిర్యాదు నమోదు చెయ్యమనకు."

"సరే అన్నయ్యా."

చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివి వినిపించే కంప్యూటర్ల దగ్గర్నుంచి, పాస్‌వర్డ్ మరిచి బిక్కమొహం వేసే లెక్చరర్ల దాకా అన్నీ ఆమే చూసుకుంది. గ్రాఫు దిగింది. బాబాయ్‌కి సంఘంలో కుర్చీ దొరికింది.

మొదటి సమావేశంలోనే ఆయన మాటకు పెద్దపీట వేశారు. ప్రతి యంత్రమూ, ప్రతి ఉద్యోగమూ కాలేజీ లక్ష్యానికి ఎలా పనికొస్తోందో చూడాలన్నారు. బాబాయ్ ఉబ్బిపోయాడు. అంతలో ప్రిన్సిపాల్ తెర మీద తీగలమ్మ పేరు చూపించి, "ఏడాదంతా ఈమె తీర్చిన ఫిర్యాదు ఒక్కటీ లేదేంటి? మనకెందుకీ ఉద్యోగం?" అన్నాడు.

బాబాయ్ మనసులో లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే గ్రాఫు అబద్ధమని తేలుతుంది. గ్రాఫుతో పాటు కుర్చీ పోతుంది. పాపం అనాలో పిరికిపంద అనాలో మీ ఇష్టం, నేనైతే రెండోదే అంటాను. ఆయన "మీరెలా అంటే అలాగే సార్" అన్నాడు. ఉద్యోగం రద్దయింది.

నెలాఖరున తీగలమ్మ అలమర సర్దేసి, తాళంచెవి ఇవ్వడానికి ఆయన గదికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయాడు.

"మీరు లోపలున్నారు కాబట్టి నాతో ఆగింది అన్నయ్యా," అందామె. "లేకపోతే మనవాళ్లందర్నీ తీసేసేవాళ్లే. నా కోసం ఎంత వాదించుంటారో నాకు తెలీదా."

బాబాయ్ తాళంచెవి అందుకున్నాడు.

"అవునమ్మా, చాలా చెప్పి చూశాను" అన్నాడు.