పలకరిస్తే ఆగొద్దా?

నేను మనుషులతోని మాట్లాడటానికి ఆగితే, నా జబ్బు ముదిరిందని నా చేతికి వాచీ కట్టినోళ్లు రాసుకున్నరు. ఆ మాట నాకు చెప్పలేదు. నా కొడుక్కు ఫోన్ చేసి, మీ నాన్నగారిని ఒక్కరినే బయటికి పంపొద్దు అన్నరు. ఆనాటి నుంచి నేను గడప దాటాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలె.

నాకు పార్కిన్సన్స్ ఉన్నది. కుడి చెయ్యి వణుకుతది, నడక నెమ్మదైంది. మందులు రాసిన డాక్టరే, ఈ జబ్బు మీద పరిశోధన నడుస్తున్నది, చేరుతరా అని అడిగిండు. చేతికి ఒక వాచీ కడతరు. ఎట్ల నడుస్తున్నం, చెయ్యి ఎంత వణుకుతున్నది, ఎక్కడ ఆగినం, అంతా అది చూసి వాళ్ల కంప్యూటరుకు పంపుతది. మాటిమాటికి దవాఖానాకు తిరుగుడు తప్పుతది, రేపు ఇంకొకరికి పనికొస్తది అన్నరు. సంతకం నేనే పెట్టిన. చదివే పెట్టిన. బడి మొఖం చూడకున్నా, నాచారం ఫ్యాక్టరీల డ్రమ్ముల మీద రాసిన ఇంగ్లీషు కూడబలుక్కుంట నేర్చుకున్న చదువు నాది.

ఆగితే రోగమని ఆ కాయితంల ఎక్కడా లేదు.

పొద్దున చాయ తాగి మా నాచారం గల్లీల నుంచి, గోదాముల గోడ పక్కపొంటి ఉప్పల్ రోడ్డు దాక పోత. ఆ దారిల నన్ను ఎరగనోళ్లు తక్కువ. ఇస్త్రీ బండాయన పెట్టె పక్కకు పెట్టి, "కాకా, రాత్రి నిద్ర పట్టిందా?" అంటడు. నడుచుకుంటనే జవాబు చెప్పాల్నా ఆయనకు? నిలబడాలె, వాళ్లింటి మంచిచెడ్డ నేను గూడ అడగాలె. పాల ప్యాకెట్లు అమ్మే ఆమె కోడలి మీద మొదలుపెట్టిందంటే, సగంల వదిలేసిపోతే మళ్ల మాట్లాడదు. గిట్ల ఆగుకుంట పోతేనే నాకు పోయినట్టుంటది. వాచీకి ఇవన్ని ఏం తెలుసు? ముసలాయన నడిచిండు, ఉన్నట్టుండి ఆగిండు, మళ్ల కదిలిండు. ఈ జబ్బుల కాళ్లు నేలకు అతుక్కపోయినట్టు అయితయి, నిజమే. అప్పుడు మనిషి ముందుకు పడతడు గూడ. నా ముచ్చట్లన్నిటిని తీస్కపోయి దానికింద జమ చేసిన్రు.

గిసొంటి లెక్క నాకు కొత్తగాదు. ఫ్యాక్టరీల ఉన్నప్పుడు ఒకాయన స్టాప్‌వాచీ పట్టుకొని మా వెనుక నిలబడేటోడు. మిషిన్ మీద చెయ్యి లేకుంటే ఖాళీగ ఉన్నట్టు రాసేటోడు. పక్కోనికి వేలు తెగితే గుడ్డ కట్టిన; అది గూడ నా ఖాళీ టైములనే పడ్డది. ఆయన కాలర్ పట్టుకున్న అప్పుడు. ఇప్పుడు పట్టుకుందామంటే కాలరే కనబడదు.

"బాపూ, వాళ్లు చెప్పినంక నేనేం జెయ్యాలె?" అన్నడు కొడుకు.

"నన్ను అడగాలె."

"పడితే?"

"పడ్డంక అను."

వంటింట్లకెల్లి మా ఆవిడ అందుకున్నది: "ఆయిన పడుడేంది బిడ్డా! ఆయినకు దొరికినోళ్లు పడతరు, ఆ ముచ్చట్లు ఇనలేక."

నాకు నవ్వు రాలె. హాల్ల ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుడు, కూసునుడు, మళ్ల లేసుడు. సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చి మోచెయ్యి పట్టుకొని తీస్కపోతడు. పానం పెట్టి చూసుకుంటడు, కాదనను. కాని వాడు పక్కన ఉంటే నన్నెవరూ అడుగుతలేరు. అదే ఇస్త్రీ బండాయన వాని దిక్కు చూసి, "తమ్మీ, మీ బాపుకు ఎట్లున్నదిప్పుడు?" అన్నడు. ఆయన ఎదురుంగనే ఉన్న నేను. నోరు గూడ ఉన్నది నాకు.

ఆ రాత్రి పట్టలేక ఆ పరిశోధనోళ్లకు ఫోన్లనే రాసిన. వేలు ఒక అక్షరం మీద పెడితే ఇంకోటి పడతది, చెరుపుకుంట చెరుపుకుంట రాసిన. నేను ఎక్కడెక్కడ ఎందుకు ఆగుతనో చెప్పి, నమ్మకుంటే వచ్చి చూసుకోన్రి అన్న. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తి, "సిస్టంలో అలాగే వస్తోంది సార్" అన్నది. "సిస్టంను ఒకసారి నాచారం రమ్మను బిడ్డా, చాయ నేనే తాగిపిస్త" అన్న. నవ్వింది, పెద్దోళ్లకు చెప్త అన్నది. మళ్ల రాసిన. మళ్ల రాసిన.

ఆఖరుకు ఆ అమ్మాయే రాసింది. అది వచ్చి వారమైంది, నేనింకా తిరిగి రాయలేదు. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్న:

"నమస్తే సార్. ఆలస్యమైంది, క్షమించండి. మిమ్మల్ని అడగకుండా మీ అబ్బాయికి చెప్పడం మా తప్పే. మీరు రాసిన దారిలో నిన్న నేనే నడిచాను. కొత్త మనిషినని నన్ను కూడా ఆపి, ఎవరింటికమ్మా అని అడిగారు. ఇస్త్రీ బండి దగ్గర, పాల దుకాణం దగ్గర మీరు ఆగినవి జబ్బు లెక్కలోంచి తీసేయిస్తున్నాం. కానీ సార్, గోదాముల గోడ పక్కన కూడా మీరు చాలాసార్లు ఆగారు. అక్కడ నాకు ఇల్లు గానీ, దుకాణం గానీ, మనిషి గానీ కనిపించలేదు. అక్కడ ఎవరితో మాట్లాడతారో చెప్పండి. అది తెలిశాక మీ అబ్బాయికి నేనే ఫోన్ చేస్తాను."