నోట్లో చింతగింజ

మీరు ఆమె చేతి చేపలు ఇరవై ఏళ్లు తిన్నారు. మొప్పలు ఎత్తి చూశారు, వాసన చూశారు, బేరమాడారు. తెల్లవారకముందే ఇల్లు వదిలిన మనిషి సాయంత్రం దాకా ఒంటేలుకు ఎక్కడికి పోతుందో మాత్రం ఒక్కరోజూ అడగలేదు. మా వీధికి చేపలు తెచ్చే అక్క మొన్న శుక్రవారం పొద్దున చనిపోయింది. కిడ్నీలు పాడై చనిపోయింది. "అయ్యో, మంచి మనిషి" అన్నారు మీలో చాలామంది. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంకా మండింది.

విడవలూరు అవతల, సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. పడవలు ఒడ్డుకు చేరే వేళకు గంపతో ఇసుకలో నిలబడి ఉండేది. ఆటోలో మా ఊరికొచ్చి, రెండు వీధులు తిరిగి, మిగిలిన చేపలతో మార్కెట్లో కూర్చునేది. నాకన్నా పదేళ్లు పెద్దది. బడిపంతులునని నన్ను 'అయివారా' అనేది. ఎప్పుడు చూసినా ఒక బుగ్గ కాస్త ఉబ్బి ఉండేది. వక్క నములుతుందనుకునేవాణ్ని.

కిందటి జనవరిలో నాకు షుగర్ బయటపడింది. ఈ ఏడాది నా ఒంటికోసం, మనసుకోసం చేయాల్సిన పనులు ఒక కాగితం మీద రాసి వరండా గోడకు అంటించాను. రోజూ నడవడం. రాత్రి అన్నం మానడం. రాస్తూ సగంలో ఆపిన పుస్తకం పూర్తి చేయడం. కోపం తగ్గించుకోవడం. అక్క గంప దించి ఆ కాగితం వంక చూసింది.

"ఏంది అయివారా అది, పెళ్లి సామాన్ల చీటీనా?"

చదివి వినిపించాను. నడక దగ్గర నవ్వింది. "గంప లేకుండా నడిస్తే దాన్ని గూడా పని అంటారా? ఇంక కోపం తగ్గించుకుంటే నువ్వేం రాస్తావు?" అని, "నాకూ ఒకటి రాయి" అంది.

"ఏం రాయాలక్కా?"

"కడుపు నిండా నీళ్లు తాగాల, అని రాయి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బుగ్గలోంచి వేయించిన చింతగింజ తీసి అరచేతిలో చూపించింది.

"ఇది చప్పరిస్తా ఉంటే దప్పిక తెలీదు. మాయమ్మ నేర్పింది. మాయమ్మకు వాళ్లత్త నేర్పింది. నీళ్లు తాగితే మళ్లీ యాడికి పోవాల? మగోళ్లకు గోడలుండాయి. మాకేముండాయి?"

పొద్దున ఒక గుక్క, ఇల్లు చేరాక చెంబెడు. మధ్యలో గింజ. ఆ ఒడ్డున ఆడపిల్లకు గంప ఎత్తుకోవడంతో పాటు నేర్పే విద్య ఇది. దీన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్లు మన సభల్లో కొల్లలు. ఓర్పు కాదది, శిక్ష.

ఆ సాయంత్రమే నిప్పులు కక్కుతూ వ్యాసం రాశాను. పత్రికలో అచ్చయింది. తెచ్చి ఆమెకు చదివి వినిపించాను. మొత్తం విని, "బాగా రాసినావు అయివారా. మీ ఇంట్లో బాత్రూం ఉంది గదా. దాని తలుపు గురించి ఏమన్నా రాసినావా?" అంది.

సమానత్వం మీద ఇరవై ఏళ్లుగా రాస్తున్నవాణ్ని. ఆమె చేపలు మా వంటింటి దాకా వచ్చాయి, ఆమె ఏనాడూ వరండా దాటలేదు. నేను పత్రిక మడుస్తుంటే లోపల్నుంచి నా భార్య వచ్చి, "రా అక్కా" అని తీసుకెళ్లింది. అంతే, అంత చిన్న మాట. వ్యాసం కన్నా ముందు రావలసిన మాట.

అప్పట్నుంచి రోజూ మా ఇంట్లో చెంబెడు నీళ్లు తాగేది. తాగినప్పుడల్లా నా కాగితం అడుగున, నేను రాసిపెట్టిన తన మాట కింద, పెన్సిలుతో గీత గీసేది. నా నడక నెలకే ఆగింది. ఆమె గీతలు ఆగలేదు. "అయివారి చదువు నడవలా, నా గీతలు నడస్తన్నాయి" అని నా భార్యతో హాస్యమాడేది.

ఎండాకాలం పోయేసరికి కాళ్లు వాచాయి. నెల్లూరులో చూపించాం. నీళ్లు తాగకపోవడం ఒక్కటే కారణమని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. ఇకపై నీళ్లు కొలుచుకుని తాగమన్నాడు. బయటికొచ్చాక అక్క అంది: "తాగాలనుకున్న రోజుల్లో చోటు లేదు. చోటు దొరికినాక తాగొద్దంటన్నారు."

మీరైతే అక్కడ కూలబడేవారు. నేనైతే ఇంకో వ్యాసం రాసేవాణ్ని. ఆమె మరుసటి వారం మార్కెట్లోని ఆడవాళ్లందర్నీ వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోయింది. మార్కెట్ వెనక మరుగుదొడ్డి కట్టి, రంగులు వేసి, తాళం పెట్టి ఉంది. ప్రారంభోత్సవం కాలేదట. "పెద్దాయన డేట్ ఇవ్వాలమ్మా" అన్నాడు కుర్చీలోని ఆయన.

"నా కిడ్నీలు డేట్ చూసుకోలా నాయనా" అంది అక్క. నోట్లో గింజ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ గింజలు పెట్టారు. "ఉంచుకో. తాళం తీసిందాకా నువ్వు చప్పరించు."

తాళం ఇంకా అలాగే ఉంది. ఆమే లేదు.

ఒంట్లో శక్తి ఉన్న ఆఖరి రోజుల్లో, గంప లేకుండా ఒకసారి ఒడ్డున నడుస్తానంటే నేనూ నా భార్యా తోడు వెళ్లాం. అలల పక్కన మెల్లగా నడిచింది. ఉండుండి చెయ్యి తలమీదికి లేచేది, లేని గంపను పట్టుకోవడానికి. "చెయ్యి మాట వినడంలా" అని కిందికి దించుకునేది. పది అడుగులకు మళ్లీ లేచేది.

నా కాగితంలో కోపం తగ్గించుకోవాలన్న మాట కొట్టేశాను. దాని కింద ఇవి రాసి మార్కెట్ గోడకు అంటించాను. ఇక్కడా రాస్తున్నాను.

1. మరుగుదొడ్డి తాళం ఈ వారమే తీయాలి.

2. ప్రారంభోత్సవం చేసి తీరాలంటే చేపలమ్మే ఆడవాళ్లలో ఒకరు చేయాలి.

3. లోపల నీళ్లు, తలుపుకు గడియ ఉండాలి. బయట మంచినీళ్ల కుండ ఉండాలి.

4. మీ వాకిట గంప దించిన మనిషికి బేరానికి ముందే నీళ్లివ్వాలి. బాత్రూం ఎటో చూపించాలి.

5. ఆమె వద్దంటే, నోట్లో ఏముందో అడగాలి.