పైకట్టలో వంకర బీడీలు

మా అవ్వ బీడీలు చేసేది. మా వైపు తల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని పిలుస్తాం. ధర్మపురి దారిలో ఉన్న మా ఊళ్లో ఆడవాళ్లు చాలామందిది అదే పని. బాపు దుబాయిలో ఉన్న ఏళ్లన్నీ మా ఇల్లు నడిచింది ఆ చేతుల మీదే. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టేది. టీవీ చూస్తున్నా, నన్ను తిడుతున్నా ఆ వేళ్లు ఆగేవి కావు. బళ్లో అందరూ కొండలూ సూర్యుడూ గీస్తుంటే నేను చేతులు గీసేదాన్ని.

పెద్దయ్యాక యానిమేషన్ సినిమాలకు బొమ్మలు గీసే పనిలో పడ్డాను. కొన్నేళ్లు హైదరాబాదులో చేసి, ఇంటి నుంచే పని అనేసరికి కరీంనగర్ వచ్చేశాను. అవ్వ ఊపిరితిత్తులు పాడైపోయాయని, ఇక బాగయ్యే దారి లేదని డాక్టరు చెప్పాక ఆమెను నా దగ్గరికే తెచ్చుకున్నాను. ఆ ఏడే నా కథ ఒకటి ముంబయిలో ఒక స్టూడియో వాళ్లకు నచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా తీస్తామన్నారు.

కథ చిన్నదే. ఒక పిల్ల, బీడీలు చేసే తల్లి. తల్లికి దగ్గు. అమ్మ వేళ్లను వదిలిపెట్టమని అడగడానికి ఆ పిల్ల ఒంటరిగా ఆదిలాబాద్ అడవికి, తునికి చెట్టు దగ్గరికి బయలుదేరుతుంది. తల్లికి మా అవ్వ ముఖమే పెట్టాను. ఆ మాట చెబితే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్నా? సినిమాలనా? నా మొఖం ఎవలు చూస్తరే?" అంది. అంతలోనే కొంగు తీసి, "జర జల్ది తియ్యమను బిడ్డా. గప్పటిదాంక ఉంటనో లేనో" అంది.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం అప్పటి నుంచీ ఒకటే ఆరాటం పట్టుకుంది. ఆమె కళ్లు మూయకముందే ఆమెను ఆమెకు చూపించాలి.

స్టూడియోలో కథ మంచిచెడ్డలు చూసే పెద్దలు కొందరుంటారు. వాళ్లు గీయరు, రాయరు. చూసి "చిన్న సూచన" అంటారు. మొదటి సూచన బీడీ మీదే వచ్చింది. పిల్లల సినిమాలో పొగాకేమిటన్నారు. అందులో న్యాయం లేకపోలేదు, అందుకే నేను గట్టిగా వాదించలేకపోయాను. బీడీలు పోయి పూలదండలు వచ్చాయి. తునికి చెట్టు కాస్తా మాయా మల్లెచెట్టయింది. పూలు కట్టే మనిషికి దగ్గెందుకన్నారు, దగ్గు పోయింది. తల్లి బక్కగా ఉంది, చూస్తే దిగులేస్తోందన్నారు. ఆమెకు ఒళ్లు తెప్పించాను. నోరు తెరిచిన ప్రతివాడూ "తల్లి పాత్ర మాకెంతో ఇష్టం" అనే మొదలుపెట్టేవాడు. వాళ్ల ఇష్టం తగలబడ, ఇష్టపడే కొద్దీ మా అవ్వ తరిగిపోతోంది.

ఒకరోజు నేను ఫోన్ మంచం మీద విసిరి తిట్టుకుంటుంటే అవ్వ ఎవరు వాళ్లని అడిగింది. చెప్పాను.

"ఓ, చాటనోళ్లా!" అంది తేలిగ్గా.

మా ఊరి కార్ఖానాలో బీడీలు అప్పజెప్పేటప్పుడు ఒకాయన కట్టలు విప్పి, నచ్చనివి ఏరి పక్కన పారేసేవాడు. దాన్నే చాటన్ అంటారు. ఆయన జన్మలో ఒక్క బీడీ చుట్టి ఎరగడు.

"ఆయనతోని కొట్లాడితే ఏమొస్తదే? పైకట్టల నాలుగు వంకర బీడీలు నేనే పెడుతుంటి" అంది అవ్వ. "ఏరెటందుకు ఆయనకు ఏదన్న ఉండాలె గద. గవి ఏరి పారేసినంక మనసు నిమ్మలమైతది, ఇగ కింద చూడడు."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పటికి కథలో అవ్వ అనదగ్గది ఒక్క ఘట్టమే మిగిలింది. చివర్లో తల్లి వేళ్లు పని ఆపి, పిల్ల తల నిమురుతాయి. దాన్ని కాపాడుకోవడానికి నేనూ ఒక వంకర బీడీ చుట్టాను. నల్లద్దాలు పెట్టుకుని, మాటకు ముందు చిందులేసే మేక. ఎంత వెకిలిగా గీయగలనో అంత వెకిలిగా గీశాను. బుద్ధున్నవాడెవడైనా మొదట దాన్నే పీకేస్తాడు.

మేకను చూసి అందరూ చప్పట్లు కొట్టారు. సినిమాకు ఇదే గుండెకాయ అన్నాడు వాళ్లలో పెద్దాయన. మేకకు ఒక పాట పెట్టారు, ప్రేమించడానికి ఇంకో మేకను పెట్టారు. ఇన్ని మేకలకు చోటు కావాలంటే తల్లిని తగ్గించాలన్నారు. ఆఖరికి, తల్లి లేని పిల్లయితే జనానికి ఎక్కువ జాలి కలుగుతుందని తేల్చి, కథ మొదలవకముందే ఆమెను చంపేశారు. గోడ మీద ఫొటోగా మిగిల్చారు. దానికి దండ కూడా వేశారు, బీడీల బదులు ఆమె చేత కట్టించిన పూలదండే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. నేను అరిచాను, ఏడ్చాను. మర్యాదగా విన్నారు. మానేస్తానన్నాను. మానేసినా ఒప్పందం ప్రకారం కథ తమదేనని అంతే మర్యాదగా చెప్పారు.

అవ్వకు చెప్పే ధైర్యం నాకు రాలేదు. సినిమా వచ్చేనాటికి ఆమె నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది. టికెట్లు దొరకలేదని అబద్ధమాడబోయాను. వాడకట్టంతా చెప్పుకుందట, వినలేదు. బాసర మొక్కుకు పోతున్నట్టు తలకు పోసుకుని, పెట్టెలోని కొత్త చీర కట్టుకుని, పొద్దుటి ఆటకు బయలుదేరింది. థియేటర్ మెట్లు చేయి పట్టుకుని ఎక్కించాను.

సినిమా మొదట్లోనే గోడ, గోడ మీద అవ్వ. తెర నిండా ఆమె ముఖమే. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. పిల్ల ఫొటోకు ఒక్కసారి దండం పెట్టి తిరిగింది, అంతలో మేక దూకింది. హాలంతా ఘొల్లున నవ్వింది. అవ్వ మాత్రం రెప్ప వేయకుండా తెర వంకే చూస్తూ కూర్చుంది. విరామంలో నా చెవి దగ్గరికి వంగి, "మల్ల ఎప్పుడొస్తనే నేను?" అని అడిగింది. నీళ్లు తాగమని సీసా అందించాను.

ఆట అయిపోయి, ఆటోలో సగం దూరం వచ్చాక అవ్వ అడిగింది.

"నన్ను చాటన్ చేసిండ్రా బిడ్డా?"

"చేసిండ్రవ్వా."

"ఫికర్ చెయ్యకు" అంది. ఊపిరి అందక కాసేపాగింది. "గోడ మీది పోటువ మాత్రం మంచిగ దిగింది. రేపు నాకు గదే పెట్టుండ్రి."

ఆటోవాడు అద్దంలో చూస్తున్నా నేను ఆపుకోలేక ఏడ్చాను.

బతుకమ్మ పండుగ రాకముందే అవ్వ పోయింది. ఇంట్లో ఆమెవి చెప్పుకోదగ్గ ఫొటోలు లేవు. ఆధార్ కార్డు మీది ముఖం చూస్తే నేనే గుర్తుపట్టలేకపోయాను. ఆమె అడిగిందే పెట్టాలని సినిమాలోని ఆ బొమ్మను అచ్చు వేయించాను. ఓ మూల మేక కొమ్ము కూడా పడి ఉంది. అవ్వ ఆకు కత్తెర వెతికి తెచ్చి, దాంతోనే ఆ మూల కత్తిరించి చట్రంలో పెట్టాను.

మేనత్త బంతిపూల దండ పట్టుకుని దగ్గరికి వచ్చింది. బొమ్మలోనే దండ ఉండడం చూసి, చేతిలోది ఎక్కడ వేయాలో తెలియక నా వైపు తిరిగింది.

"ముందుగాల్నే ఏసి పెట్టిండ్రాయే, ఎవలే ఏసింది?"